ముట్టుకునే ముందు: ఒక ఐసీయూలో చేతుల శుభ్రత మెరుగుపడిన తీరు

ఈ కేసు 12 పడకల మెడికల్ ఐసీయూది. ఆ హాస్పిటల్‌లో నేను ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేస్తాను. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వేసే గొట్టం) ఉన్న పేషెంట్లకు రక్తంలో ఇన్‌ఫెక్షన్లు ఒకదాని వెంట ఒకటి రావడంతో యూనిట్ ఇన్‌చార్జి డాక్టర్ గారు మా టీమ్‌ని పిలిచారు. "మనవాళ్ళు చేతులు సరిగ్గా కడుక్కోవట్లేదు సిస్టర్, ఇంకోసారి ట్రైనింగ్ పెట్టండి" అన్నారు. పెడతాం, కాని ముందు కొన్నాళ్ళు యూనిట్‌లో నిలబడి చూస్తామని అడిగాం. ఆయన ఒప్పుకున్నారు. తర్వాత చేసిన ప్రతి మార్పూ ఆ చూడటంలోంచే వచ్చింది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఏం చూశాం

మొదట తేలిందేమిటంటే, అక్కడి సిబ్బంది చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. సక్షన్ చేశాక (గొంతులోని కఫం మెషిన్‌తో తీశాక), యూరిన్ బ్యాగ్ ఖాళీ చేశాక, పేషెంట్‌కి మలం శుభ్రం చేశాక సింక్ దగ్గరికి వెళ్ళనివాళ్ళు దాదాపు లేరు. కొందరైతే మోచేతుల దాకా రుద్దుకుంటున్నారు. అదే మనిషి పేషెంట్‌ని ముట్టుకునే ముందు, లైన్‌లోకి మందు ఎక్కించే ముందు మాత్రం చేతులు శుభ్రం చేసుకోవడం అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోని ఐదు సందర్భాలు మనందరికీ తెలిసినవే. పేషెంట్‌ని ముట్టుకునే ముందు, స్టెరైల్‌గా చేయాల్సిన పనికి ముందు, రక్తమో మరో శరీర ద్రవమో చేతికి అంటుకునే అవకాశం ఉన్న పని తర్వాత, పేషెంట్‌ని ముట్టుకున్న తర్వాత, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్న తర్వాత. రోజూ గోడ మీద చూసే బొమ్మే కాబట్టి ఇందులో రెండు రకాలున్నాయని గమనించం. మొదటి రెండూ ఎదురుగా ఉన్న పేషెంట్ కోసం. మిగతా మూడూ ప్రధానంగా మన కోసం, పక్క పడకల్లో ఉన్నవాళ్ళ కోసం. మా యూనిట్‌లో "తర్వాత" బాగానే జరుగుతోంది. జరగనిది "ముందు". లైన్ ఇన్‌ఫెక్షన్లు తగ్గాలంటే కావలసింది అదే.

దీన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. చేతికి మురికి అంటిందని కంటికో ముక్కుకో తెలిస్తే కడుక్కోవాలని ఎవరూ చెప్పక్కర్లేదు, ఒళ్ళే చెబుతుంది. ముట్టుకునే ముందు ఆ అసహ్యం ఉండదు. చేయి శుభ్రంగానే కనిపిస్తుంది. బెడ్ రెయిలింగ్ మీద, మానిటర్ బటన్ల మీద ఉన్న సూక్ష్మజీవులకు రంగూ వాసనా లేవు. కాబట్టి "ముందు" అనేది దానంతట అది రాదు. పనిలోనే ఒక మెట్టుగా అమర్చాలి.

1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్‌కి ఎదురైందీ ఇదే. డాక్టర్లు, వైద్య విద్యార్థులు శవపరీక్ష చేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ప్రసూతి వార్డుకి వచ్చేవాళ్ళు. వాళ్ళ కంటికి చేతులు శుభ్రమే. వార్డులో అడుగు పెట్టే ముందు క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంలో చేతులు కడగాలని మే నెలలో ఆయన నియమం పెట్టారు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు కొద్ది నెలల్లో 2 శాతం దగ్గరికి దిగాయి. ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. నేను మా స్టాఫ్‌కి చెప్పేది ఆ ఏడాది అక్టోబర్‌లో జరిగిన సంగతి. గర్భాశయ క్యాన్సర్‌తో స్రావం కారుతున్న ఒక స్త్రీని, రౌండ్స్ మొదలయ్యే పడక మీద ఉంచారు. ఆమెను పరీక్షించాక డాక్టర్లు సబ్బుతో మాత్రమే చేతులు కడుక్కుని వరసగా మిగతావాళ్ళని చూశారు. అప్పుడు ఆమెతో పాటు ప్రసవానికి ఉన్న 12 మందిలో 11 మంది చనిపోయారు. ఒక పేషెంట్‌కీ ఇంకో పేషెంట్‌కీ మధ్య కూడా క్లోరిన్‌తో కడుక్కోవాలన్న నియమం దాని తర్వాతే వచ్చింది. గుమ్మం దగ్గర శానిటైజర్ రాసుకుని లోపలికి వచ్చి, రౌండ్స్ అంతటికీ అదే సరిపోతుందనుకునే అలవాటు మనలో ఇంకా ఉంది. అందుకే ఈ సంగతి ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెబుతాను.

లెక్క పెట్టిన విధానం

ఒక్కో విడత 20 నిమిషాల పాటు ఒక మూల నిలబడి, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు ఎన్ని వచ్చాయి, వాటిలో ఎన్నిసార్లు నిజంగా చేసుకున్నారు అని రాసుకున్నాం. ఉదాహరణకి ఒక నర్సు పేషెంట్ బీపీ చూసి, కాన్యులాలో మందు ఎక్కించి, బయటికి వచ్చిందనుకుందాం. ముట్టుకునే ముందు ఒకటి, మందు ఎక్కించే ముందు ఒకటి, వదిలి వచ్చాక ఒకటి, మొత్తం మూడు సందర్భాలు. చివర్లో ఒక్కసారే చేసుకుంటే మూడింట ఒక వంతు. మామూలుగా దీన్ని ఒకే శాతంగా చూపిస్తారు. మేం ఐదు సందర్భాలనీ విడివిడిగా రాశాం. అన్నీ కలిపి ఒకే శాతంగా చూపి ఉంటే బాగా చేస్తున్న "తర్వాత" వెనక "ముందు" కనపడకుండా పోయేది. ఈ రకం పని చేసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే: మొత్తం శాతం చూసి ఆగిపోవద్దు.

మందు ఎక్కించే ఆ రెండు నిమిషాలు

మమ్మల్ని బాగా కదిలించింది పొద్దుటి యాంటీబయాటిక్ డోసు. ఎంతో జాగ్రత్తగా పనిచేసే సీనియర్ నర్సు ఒకామెను గమనించాం. ఆమె నర్సింగ్ స్టేషన్‌లో శానిటైజర్ రాసుకుంది, పూర్తిగా ఆరనిచ్చింది. మందు కలిపి, సిరంజి నింపి, ట్రేలో పెట్టుకుని పడక దగ్గరికి నడిచింది. కర్టెన్ జరిపింది. ఇన్‌ఫ్యూజన్ పంప్ అలారం మోగుతుంటే బటన్ నొక్కి ఆపింది. బెడ్ రెయిలింగ్ దించింది. దుప్పటి పక్కకి తీసి లైన్ ఎక్కడుందో వెతికింది. తర్వాత హబ్‌ని (లైన్‌కి సిరంజి తగిలించే కొసని) ఆల్కహాల్ స్వాబ్‌తో చక్కగా రుద్ది సిరంజి తగిలించింది.

ఆమె దృష్టిలో ఆమె చేతులు శుభ్రం చేసుకున్నాకే పని మొదలుపెట్టింది. అది నిజమే. కాని ఆ చేయి హబ్ దాకా చేరేలోపు కర్టెన్, పంప్, రెయిలింగ్, దుప్పటి, నాలుగింటినీ తాకింది. రెండో సందర్భం లెక్కలో మేం "చేయలేదు" అని రాయాల్సి వచ్చింది. ఆమెకి ఇంకోసారి ట్రైనింగ్ ఇచ్చి ఏం చెబుతాం? ఆమెకి అన్నీ తెలుసు. రెండు చేతుల్లోనూ సామాను పట్టుకుని పడక పక్కన నిలబడ్డ మనిషికి సీసా అందుబాటులో లేదు, అంతే. గోడకి బిగించిన డిస్పెన్సర్ ఉంది, కాని దాని ముందు వెంటిలేటర్ నిలబడి ఉంది. అది అందుకోవాలంటే ట్రే ఎక్కడైనా పెట్టి, మెషిన్ చుట్టూ తిరిగి వెళ్ళాలి.

ఆమెతో కూర్చుని ఇదంతా ఒక్కో మెట్టూ చెప్పినప్పుడు ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "అయితే శానిటైజర్ ట్రేలోనే ఉండాలి మేడమ్" అంది. మేం చేసిన మార్పుల్లో అన్నిటికంటే బాగా పనిచేసింది ఆమె చెప్పిన ఆ సలహానే.

మార్పులు

ప్రతి ఐవీ ట్రేలోనూ చిన్న హ్యాండ్ రబ్ (ఆల్కహాల్ శానిటైజర్) సీసా పెట్టాం. దానితో పాటు పని వరస మార్చాం. కర్టెన్, పంప్, రెయిలింగ్, దుప్పటి, అన్నీ ముందే సర్దుకోవాలి. లైన్ బయటికి కనిపించేలా పెట్టుకోవాలి. అప్పుడు చేతులకి రాసుకోవాలి. ఆరగానే హబ్ తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. స్టేషన్‌లో మందు కలిపే ముందు రాసుకునేది అలాగే ఉంది, దాన్ని తీసెయ్యలేదు.

పడక కాళ్ళ వైపు రాడ్‌కి ఒక్కో సీసా తగిలించాం. ఎక్కడ తగిలించాలో మేం నిర్ణయించలేదు. నర్సుల్ని, డాక్టర్లని, వార్డ్ బాయ్‌లని ఒక్కొక్కరిగా పడక దగ్గరికి నడవమని, చేయి ఎటు వెళ్తే అక్కడ గుర్తు పెట్టాం. ఆల్కహాల్ మండే పదార్థం కాబట్టి కరెంటు సాకెట్ల మీద మాత్రం వద్దన్నాం.

సీసా ఖాళీ అయితే ఎవరు మార్చాలన్నది అప్పటిదాకా ఎవరి పనీ కాదు. ఇప్పుడు ప్రతి షిఫ్ట్ మొదట్లో హౌస్‌కీపింగ్ వాళ్ళు అన్ని సీసాలూ నొక్కి చూస్తారు, హ్యాండోవర్‌లో నర్సింగ్ ఇన్‌చార్జి అది అడుగుతుంది. సగం ఉన్న సీసాలో పైనుంచి నింపడం మానేశాం. సబ్బు డిస్పెన్సర్లలో అలా నింపితే లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. అయిపోయాక మొత్తం మార్చడమే.

టైమ్ లేదన్న మాటని మేం తేలిగ్గా కొట్టిపారెయ్యలేదు. అది నిజమైన ఇబ్బంది. సబ్బు నీళ్ళతో పద్ధతిగా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు, దానికి సింక్ దాకా నడక అదనం. ఆల్కహాల్ రబ్ పడక పక్కనే 20 నుంచి 30 సెకన్లలో అయిపోతుంది. 1997లో ప్రచురితమైన ఒక లెక్క ప్రకారం ఐసీయూలో అన్ని సందర్భాల్లోనూ సబ్బుతోనే కడుక్కోవాలంటే ఒక డే షిఫ్ట్‌లో సిబ్బంది అందరిదీ కలిపి 16 గంటల నర్సింగ్ సమయం దానికే పోతుంది. పడక పక్కన ఆల్కహాల్ రబ్ అయితే 3 గంటలు. ఈ లెక్క చెప్పాక "సింక్ దగ్గరికి వెళ్ళి కడిగితేనే శుభ్రం" అనే సీనియర్ల పట్టు చాలా సడలింది. చేతులకి మురికి కంటికి కనిపిస్తున్నప్పుడు, క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా వల్ల విరేచనాలని అనుమానించినప్పుడు మాత్రం సబ్బు నీళ్ళే వాడాలి. ఆ బాక్టీరియా స్పోర్లని (గట్టి పొర ఉన్న బీజాలని) ఆల్కహాల్ చంపలేదు.

చర్మం సంగతి ఎవరూ పైకి చెప్పరు. అడిగితే బయటికొచ్చింది. కొందరికి వేళ్ళ సందుల్లో పగుళ్ళు, రాసుకుంటే మంట. ఆ మంట చూసి ఆల్కహాలే చర్మాన్ని పాడుచేస్తోందని అనుకుంటున్నారు. మంట పుట్టిందంటే చర్మం అప్పటికే పగిలి ఉందని అర్థం. దానికి పెద్ద కారణం, రబ్ రాసుకున్న వెంటనే "జిగటగా ఉంది" అని సబ్బుతో కడిగెయ్యడం. అది మానమని చెప్పాం. గ్లిజరిన్ తగినంత ఉన్న రకాలు రెండు తెప్పించి, వాడి చూసి ఏది కావాలో స్టాఫే ఎంచుకునేలా చేశాం. డ్యూటీ రూమ్‌లో చర్మానికి రాసుకునే క్రీమ్ పెట్టాం. కొనుగోలు విభాగానికి ఇది విలాసంలా అనిపించవచ్చు, కాని చేతులు మండుతున్న మనిషి సీసా జోలికి పోదు.

గ్లౌజులు

ఇక్కడ మాకు ఎక్కువ కాలం పట్టింది. గ్లౌజులు తొడుక్కున్న మనిషికి తన చేతులు శుభ్రంగా ఉన్నాయన్న ధీమా వస్తుంది. ఒక పేషెంట్‌కి నోరు శుభ్రం చేసి, అవే గ్లౌజులతో వెంటిలేటర్ సెట్టింగ్ మార్చి, కేస్ షీట్ తిరగేసి, పక్క పడక దగ్గర దిండు సర్దినవాళ్ళని చూశాం. ఆ గ్లౌజు ఆ మనిషి చేతిని కాపాడుతోంది, మిగతా అందరికీ మొదటి పేషెంట్ నోట్లోని సూక్ష్మజీవుల్ని పంచుతోంది. పైగా గ్లౌజులకి కంటికి కనపడని చిల్లులు ఉండవచ్చు, విప్పేటప్పుడు చేతికి అంటుకుంటుంది. అందుకే విప్పాక కూడా రాసుకోవాలి.

గ్లౌజులు అవసరం లేని పనుల పట్టిక ఒకటి రాసి ఇచ్చాం: బీపీ, టెంపరేచర్ చూడటం, పేషెంట్‌ని పక్కకి తిప్పడం, ట్రే అందించడం, ఫోన్ ఎత్తడం. చాలామందికి ఇది విచిత్రంగా తోచింది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్ళు గ్లౌజులు తగ్గించమంటారా అని అడిగారు. అవును, తగ్గించమనే చెప్పాం. ఒక ఆయా మాతో అన్న మాట ఇక్కడ రాయాలి. "గ్లౌజులు లేకపోతే మాకేమైనా అంటుకుంటుందని భయం మేడమ్, మాకు ఎవరూ ఏదీ చెప్పరు కదా." ఆ భయం న్యాయమైనది. ఏ పేషెంట్ దగ్గర ఏ జాగ్రత్త తీసుకోవాలో హౌస్‌కీపింగ్, అటెండర్ సిబ్బందికి కూడా షిఫ్ట్ మొదట్లో చెప్పడం అప్పుడే మొదలైంది. నిజానికి అది ఎప్పుడో జరగాల్సిన పని.

రౌండ్స్

డాక్టర్లలో ఈ అలవాటు నర్సుల కంటే తక్కువగా ఉంటుందని ఎన్నో దేశాల అధ్యయనాలు చెప్పాయి. మా యూనిట్‌లోనూ అంతే. దీన్ని ముఖాముఖి చెప్పడం జూనియర్ నర్సుకి ఎంత టెన్షనో అందరికీ తెలుసు. అందుకే ఆ భారం ఆమె మీద పెట్టలేదు. ఇన్‌చార్జి డాక్టర్ గారినే ఒక సహాయం అడిగాం. ప్రతి పడక దగ్గరా కేసు చెప్పడం మొదలయ్యే ముందు ఆయన ముందుగా చేతులకి రాసుకోవాలి, అది ఆరేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆయన మాట నిలబెట్టుకున్నారు. రెసిడెంట్లు, పీజీ విద్యార్థులు చెప్పకుండానే ఆయన్ని అనుసరించారు. ఆయన సెలవులో ఉన్నప్పుడు మాత్రం వెనకబాటు కనిపించింది. కాబట్టి మిగతా కన్సల్టెంట్లతో కూడా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాం. ఉంగరాలు, వాచీ తీసి, చేతులు మోచేతుల దాకా ఖాళీగా ఉంచుకుని రౌండ్స్‌కి రావడానికి మరికొంత కాలం పట్టింది.

ట్రైనింగ్ కూడా పెట్టాం, కాని క్లాస్ రూమ్‌లో కాదు. అతినీల కాంతిలో మెరిసే లోషన్‌ని రబ్ రాసుకున్నట్టే రాసుకోమని, దీపం కింద చేతులు చూపించమన్నాం. బొటనవేళ్ళు, వేళ్ళ కొసలు చాలామందికి నల్లగానే మిగిలాయి. పేషెంట్‌ని ముందుగా తాకేది ఆ కొసలే. దీనికి ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

పోస్టర్ల మీద మాటలు మార్చాం. "చేతులు కడుక్కోండి, మిమ్మల్ని మీరు కాపాడుకోండి" అన్న పాతవి తీసేసి, చేతుల శుభ్రత పేషెంట్‌ని కాపాడుతుందన్న మాట పెట్టాం. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి రెండు రకాల బోర్డుల్ని పోల్చినప్పుడు, పేషెంట్ ప్రస్తావన ఉన్న బోర్డు దగ్గరే వాడకం పెరిగింది. మా కేసుకి ఇది సరిగ్గా సరిపోయింది. తమ కోసం కడుక్కోవడం మా స్టాఫ్‌కి ముందే వచ్చు.

ఏం మారింది

మా శాతాలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఒక యూనిట్‌లో తెలిసిన మనుషులు నిలబడి లెక్కపెట్టిన శాతాన్ని ఇంకో హాస్పిటల్ శాతం పక్కన పెడితే రెండిటికీ అన్యాయమే జరుగుతుంది. ఎవరో చూస్తున్నారని తెలిస్తే అందరూ బాగానే చేస్తారు. అందుకే చూసిన లెక్కని ఎప్పుడూ ఒంటరిగా నమ్మలేదు, హ్యాండ్ రబ్ ఎంత ఖర్చయిందో కూడా పక్కన పెట్టి చూశాం. వెయ్యి పేషెంట్ రోజులకి ఎన్ని లీటర్లు వాడారన్నది దానికి వాడే కొలత. రెండూ కలిసి పెరిగాయి, నైట్ డ్యూటీలో కూడా.

"ముందు" సందర్భాల్లో పెద్ద మార్పు మందు ఎక్కించే ముందు కనిపించింది. అది ట్రేలో సీసా, కొత్త వరస చేసిన పని. పేషెంట్‌ని మామూలుగా ముట్టుకునే ముందు మెరుగుదల నెమ్మదిగా వచ్చింది, ఇప్పటికీ అన్నిటికంటే బలహీనంగా ఉన్నది అదే. లైన్ ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. ఆ తగ్గుదల మొత్తం చేతుల వల్లే అని నేను చెప్పను. అదే సమయంలో అవసరం తీరిన లైన్లని త్వరగా తీసెయ్యడం కూడా మొదలుపెట్టారు, చిన్న యూనిట్‌లో అంకెలు వాటంతట అవి కూడా ఊగుతుంటాయి.

యాజమాన్యం వాళ్ళు "నూరు శాతం ఎప్పటికి వస్తుంది" అని అడిగారు. వాళ్ళకి జెనీవా యూనివర్సిటీ హాస్పిటల్స్ సంగతి చెప్పాను. డిడియే పిట్టె బృందం అక్కడ హాస్పిటల్ అంతటా చేసిన ప్రయత్నంలో చేతులు శుభ్రం చేసుకోవడం 1994లో 48 శాతం ఉన్నది 1997కి 66 శాతానికి వచ్చింది. హాస్పిటల్‌లో సోకే ఇన్‌ఫెక్షన్లు 1994లో 16.9 శాతం ఉన్నవి 1998కి 9.9 శాతానికి తగ్గాయి. అంటే మూడేళ్ళు పట్టుదలగా చేస్తే వచ్చింది 18 పాయింట్లు, అంత మాత్రానికే ఎంతోమంది పేషెంట్లు ఇన్‌ఫెక్షన్ లేకుండా ఇంటికి వెళ్ళారు. నెల రోజుల్లో 95 శాతం చూపించే రిపోర్టు ఎవరైనా తెస్తే, లెక్క ఎలా పెట్టారో ముందు అడగండి అన్నాను. తర్వాత ఆ టార్గెట్ మాట రాలేదు, హ్యాండ్ రబ్ సరఫరాకి మాత్రం ఆగకుండా అనుమతి వచ్చింది.

లెక్కల్ని పేర్లతో బయట పెట్టలేదు. షిఫ్ట్ అయ్యాక ఆ షిఫ్ట్ వాళ్ళకే, ఐదు నిమిషాల్లో, ఆ రోజు చూసినవి చెబుతాం. ముందు బాగా చేసిన ఒకటి, తర్వాత తప్పిన ఒకటి. కార్డియాక్ అరెస్ట్ లాంటి అత్యవసర సమయాల్లో చేసినవాటిని ఎత్తిచూపం.

ఇప్పుడు డయాలసిస్ యూనిట్ వాళ్ళు ఇదే పని తమ దగ్గర చేయమంటున్నారు. అక్కడ రక్తంతో పని కాబట్టి గ్లౌజులు తప్పవు. ఒకే నర్సు నలుగురైదుగురు పేషెంట్ల మెషిన్ల మధ్య తిరుగుతుంటుంది, అలారం మోగగానే ఏ మెషిన్ దగ్గరికైనా పరుగెత్తాలి. ఐసీయూలో పనికొచ్చిన ట్రే వరస అక్కడ పనికిరాకపోవచ్చు. అందుకే అక్కడ కూడా సీసాలు, పోస్టర్లు తీసుకెళ్ళే ముందు కొన్నాళ్ళు నిలబడి చూస్తున్నాం: కనెక్షన్ ఇచ్చేటప్పుడు, తీసేటప్పుడు, అలారం మోగినప్పుడు చేతులు ఏయే వస్తువుల మీదుగా ఎక్కడికి చేరుతున్నాయో రాసుకుంటున్నాం.